ఆవిరి నడక – అణువు తూకము

(సంఘ వైజ్ఞానిక సభయందు చదువబడిన ప్రసంగ పాఠము)



ఒక సీసాలో రంగులేని ద్రవము కొంచెము కలదనుకొందము. అది యేమి? ప్రశ్న చిన్నదే. దానికి తప్పులేని సమాధానము చెప్పుట మాత్రము రసాయన శాస్త్రమునందలి కష్టమైన పనులలో నొకటి. ఇండ్లలో ఈ పనికి ముక్కును నాలుకయు చాలును. ఇంగువ డబ్బా మూత తీయకముందే గృహిణి దానిని గుర్తించును. నేయి కాచునపుడు వచ్చు వాసననుబట్టియే అందలి కల్తీని పెద్దవారు పట్టివేయుదురు. కంసాలికి గీటురాయి యున్నది. కాని ముక్కునకు తెలియని విషములు పెక్కు కలవు. నాలుకతో పరీక్షింపరాని ద్రవ్యములు అంతకన్న పెక్కు. వానియెదుట ఈ పాత సాధనము లన్నియు చేతులెత్తివేయును.

ఇరువదవ శతాబ్దమున శాస్త్రజ్ఞులు ఈ పనికై రెండు సాధనములను కూర్చిరి. మొదటిదానిని గాస్ క్రోమటోగ్రఫీ యందురు. అది కలగాపులగముగా నున్న మిశ్రమమును దేనికది విడదీయును. రెండవది మాస్ స్పెక్ట్రోమెట్రీ. అది విడివడిన ప్రతి పదార్థమును ముక్కలుచేసి, ఆ ముక్కలను తూచి, దాని గుట్టు బయటపెట్టును. ఈ రెండింటి కలయికవలన ఏమి సాధ్యమైనదో, రెండవది లేక మొదటిదానినే నమ్మినపుడు ఒక తల్లి కేమి సంభవించెనో చెప్పుటయే ఈ ప్రసంగపు ఉద్దేశ్యము.

మొదటి సాధనమునకు మూలపురుషుడు రష్యా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడైన మిఖాయిల్ త్స్వెట్. ఆయన వార్సా నగరమున పనిచేయుచు, ఆకుల పసరును తీసి, సుద్దపొడి దట్టించిన గాజు గొట్టముగుండ పోనిచ్చెను. పసరు దిగుచుండగా అందలి వర్ణద్రవ్యములు ఒక్కొక్కటి ఒక్కొక్కచోట నిలిచి, ఆకుపచ్చ, పసుపు పట్టెలుగా విడివడెను. 1903లో ఆయన ఈ సంగతి సభాముఖమున తెలిపి, 1906లో ప్రకటించిన వ్యాసములలో దీనికి క్రోమటోగ్రఫీ యను పేరు పెట్టెను. గ్రీకు భాషలో ఆ మాటకు వర్ణలేఖనమని యర్థము. రష్యను భాషలో ఆయన ఇంటిపేరునకు కూడ రంగు అనియే యర్థము. తన పేరునే ఆయన తన విద్యయందు దాచుకొనెనని కొందరు చమత్కరింతురు. ఆయన 1919లో మరణించెను. ఆ విద్యకు తగిన గౌరవము దక్కుటకు 1930 తరువాతి సంవత్సరములు రావలసివచ్చెను.

ద్రవమునకు బదులు వాయువు ప్రవహించినను ఇట్టి వేర్పాటు జరుగునని ఇంగ్లాండునందు మార్టిన్, సింజ్ అను నిరువురు 1941లో వ్రాసిన వ్యాసమున సూచించిరి. ఆ వాక్యమును చదివినవారు అనేకులు. ఆచరణలో పెట్టినవారు పదేండ్లవరకు లేరు. తుదకు మార్టిన్ తానే, జేమ్స్ అను సహచరునితో కలిసి, 1952లో ఆ పని నెరవేర్చెను. ఆ సంవత్సరమే మార్టిన్, సింజ్‌లకు అంతకుముందటి కృషికిగాను నోబెల్ బహుమానము లభించెను. జేమ్స్, మార్టిన్ మొదట విడదీసినవి ఆవిరి కాగల కొవ్వు ఆమ్లములు. వానిలో ప్రొపియానిక్ ఆమ్లము ఒకటి. ఈ పేరు మరల రానున్నది గావున శ్రోతలు దీనిని జ్ఞాపకముంచుకొందురు గాక.

ఈ యంత్రము పనిచేయు తీరు తిరునాళ్ల వీథిని తలపించును. ఒక కుటుంబమువారందరు వీథి మొదట ఒక్కసారి అడుగుపెట్టుదురు. పిల్లవాడు మిఠాయి అంగడియొద్ద ఆగును. ఆడువారు గాజుల దుకాణముల యొద్ద ఇంకను ఎక్కువసేపు ఆగుదురు. ఏ వస్తువుపైనను మమకారములేని తాతగారు మాత్రము తిన్నగా నడచి వీథి చివరకు ముందు చేరును. యంత్రమునందు ఆ వీథి ఒక సన్నని గొట్టము. సామాన్యముగా దాని పొడవు 30 మీటర్లు. లోపలి వ్యాసము మిల్లీమీటరులో నాలుగవవంతు. దానిని చుట్టగా చుట్టి ఒక కొలిమి పెట్టెలో నుంచెదరు. గొట్టపు లోగోడకు చిక్కని ద్రవ పదార్థపు పూత యుండును. ఆ పూత మందము మిల్లీమీటరులో వేయవవంతుకన్న తక్కువ. హీలియమువంటి నిర్లిప్త వాయువు గొట్టమున సదా ప్రవహించుచుండును. పరీక్షింపవలసిన ద్రవమును చుక్కలో ఎన్నో వంతు మాత్రము సూదితో లోనికి గ్రుచ్చినచో, అక్కడి వేడిమికి అది తటాలున ఆవిరియై వాయువుతో బయలుదేరును. పూతయందు మక్కువ గల అణువులు ఆగి ఆగి నడచును. లేనివి ముందుకు పోవును. కొలిమి వేడిమిని క్రమముగా పెంచినకొలది, బరువైనవియు వెనుకబడినవియు కదలి వచ్చును. అవతలి కొసను ఒక్కొక్క పదార్థము ఒక్కొక్క క్షణమున వెలువడును. కాగితముపై ఒక్కొక్కటి ఒక్కొక్క శిఖరముగా గీయబడును.

ఆ వెలువడిన కాలమే గుర్తు. ఇక్కడనే ప్రమాదమును కలదు. కార్యాలయపు ద్వారమువద్ద కాలము మాత్రమే గుర్తించు కావలివాడొక డున్నాడనుకొందము. తొమ్మిది గంటల పదునేను నిమిషములకు ప్రతిదినము ఒక గుమాస్తాగారు వచ్చును. ఒకనాడు సరిగా అదే నిమిషమున ఎవరో లోనికి వచ్చిరి. కావలివాడు ముఖము చూడక, హాజరు పట్టీలో గుమాస్తాగారి పేరునే వ్రాసికొనెను. ఒకే బస్సులో ఇరువురు దిగి రాగూడదా యని వానికి తోచలేదు. కాలము సరిపోవుట అవసరమే, అది చాలదు. ముఖము చూడవలెను.

అణువు ముఖము చూచునది రెండవ యంత్రము. దీని చరిత్ర కేంబ్రిడ్జిలో ప్రారంభమైనది. జె. జె. థామ్సన్ 1913లో నియాను వాయువున 20, 22 ద్రవ్యరాశులు గల రెండు విధముల పరమాణువులు కలవని కనుగొనెను. ఆయన శిష్యుడు ఆస్టన్ 1919లో ఆ సాధనమును మెరుగుపరచి, 1922లో నోబెల్ బహుమానము నందెను. నేటి యంత్రమునందు పదార్థపు ఆవిరి శూన్యప్రదేశమును ప్రవేశింపగానే, 70 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిగల ఎలక్ట్రానులు దానిని తాకును. ఆ దెబ్బకు అణువు తానొక ఎలక్ట్రానును పోగొట్టుకొని విద్యుదావేశము గల అయానుగా మారును. పెక్కు అణువులు అంతటితో నిలువక ముక్కలగును. కుండ నేలపై పడినచో ప్రతిసారి వేరువేరు పెంకులగును. అణువు అట్లు కాదు. దాని బలహీనమైన అతుకు లెక్కడ నుండునో అక్కడనే విరుగును. కోట్లకొలది అణువులు ఒకే తీరున విరుగుటచేత, ఏ బరువు ముక్కలు ఎంతపాళ్లలో నున్నవను లెక్క ఆ పదార్థమునకు వ్రేలిముద్రవలె నిలకడగా నుండును. ఈ ముక్కలను బరువునుబట్టి వేరుచేయుటకు నేడు ఎక్కువగా వాడబడునది నాలుగు లోహపు కడ్డీల అమరిక. 1953లో దీని సూత్రమును కనుగొన్న జర్మను శాస్త్రజ్ఞుడు వోల్ఫ్‌గాంగ్ పౌల్‌కు 1989లో నోబెల్ బహుమానము వచ్చెను.

ఇక వియ్యము. ఒక యంత్రమునకు వాయు ప్రవాహము కావలెను. రెండవదానికి శూన్యము కావలెను. ఇట్టి జాతకములు కలియుట కష్టము. అయినను అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున, మిడ్లండ్ పట్టణమునందలి డౌ రసాయన సంస్థలో పనిచేయుచుండిన గోల్కీ, మెక్‌లాఫర్టీ అనువారు 1950 తరువాతి దశకపు నడుమనే ఈ రెండింటిని కలిపి చూపిరి. 1964లో స్వీడను శాస్త్రజ్ఞుడు రీహాగె, వాయువును చాలవరకు తొలగించి పదార్థమును మాత్రము లోనికి పంపు చిన్న సాధనమును వర్ణించెను. సన్నని గొట్టములు వచ్చిన పిదప వాయు ప్రవాహమే స్వల్పమై, ఆ మధ్యవర్తి యవసరమును తీరిపోయెను.

ఇప్పుడు ఆ తల్లి కథ.

1989వ సంవత్సరపు వేసవిలో అమెరికాలోని మిస్సౌరీ రాష్ట్రమున, మూడు నెలల పసికందునకు వాంతులు పట్టి, ఊపిరి బరువయ్యెను. తల్లి వానిని ఆసుపత్రికి కొనిపోయెను. రక్తమును గాస్ క్రోమటోగ్రఫీచే పరీక్షించి, అందు ఇథిలీన్ గ్లైకాల్ కలదని తెలిపిరి. ఇది మోటారు బండ్ల నీటి తొట్టెలలో గడ్డకట్టకుండుటకై పోయు తియ్యని విష ద్రవము. ఎవరో బిడ్డకు విషము పెట్టిరను అనుమానము పుట్టెను. బిడ్డను తల్లిదండ్రుల యొద్దనుండి తీసి పరుల సంరక్షణలో నుంచిరి. తల్లి చూచి వెళ్లిన పిమ్మట బిడ్డకు మరల జబ్బుచేసెను. ఆ సెప్టెంబరులో బిడ్డ మరణించెను. రక్తమున మరల అదే విషము కనబడెనని నివేదిక వచ్చెను. తల్లిపై హత్యానేరము మోపబడెను.

చెరయందున్న కాలముననే 1990లో ఆమెకు రెండవ కుమారుడు పుట్టెను. అతనిని వెంటనే ఇతరుల సంరక్షణలో నుంచిరి. తల్లి చేతికి చిక్కని ఆ బిడ్డకును అన్నకు వచ్చిన లక్షణములే కనబడెను. వైద్యులు పరీక్షించి, అది మిథైల్ మలోనిక్ అసిడీమియా యను పుట్టువ్యాధి యని తేల్చిరి. ఆహారమునందలి మాంసకృత్తులలోని కొన్ని అంశములను ఈ వ్యాధి గలవారి శరీరము పూర్తిగా వినియోగించుకొనలేదు. ఆ దారి మధ్యలో తెగిపోవుటచేత రక్తమున ఆమ్లములు పేరుకొనును. అట్టివానిలో ప్రొపియానిక్ ఆమ్లము ఒకటి.

ఇంత తెలిసినను, మొదటి బిడ్డకు ఆ వ్యాధి యుండెననుటకు సాక్ష్యము లేదని, ఆ వాదము జ్యూరీ ముందుకు రాలేదు. 1991 జనవరిలో తల్లికి యావజ్జీవ కారాగార శిక్ష విధింపబడెను.

సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయమున జీవరసాయన శాస్త్రజ్ఞుడు విలియం స్లై ఈ వార్త విని ఊరకుండలేకపోయెను. ఆయన సహచరుడు జేమ్స్ షూమేకర్ మృత శిశువునుండి తీసి దాచియుంచిన రక్తమును తెప్పించి, రెండు యంత్రములు కూడిన పద్ధతిచే పరీక్షించెను. అందు ఇథిలీన్ గ్లైకాల్ లేదు. ఉన్నది ప్రొపియానిక్ ఆమ్లము. మొదట పరీక్షించినవారి గొట్టములయందు ఈ రెండు పదార్థములు ఇంచుమించు ఒకే క్షణమున వెలువడునవి. కావలివాడు కాలము చూచి పేరు వ్రాసెను, ముఖము చూడలేదు.

ముఖము చూచినచో ఎంత తేటగా తెలిసియుండునో గమనింపుడు. ఇథిలీన్ గ్లైకాల్ అణుభారము 62. ఎలక్ట్రాను దెబ్బకు అది నడుమ విరిగి, 31 బరువుగల ముక్కను అన్నిటికన్న అధికముగా నిచ్చును. ప్రొపియానిక్ ఆమ్లపు అణుభారము 74. అది 74 వద్ద స్పష్టముగా కనబడుటయే కాక, 45, 57, 73 వద్దను ముక్కలను చూపును. ఈ రెండు వ్రేలిముద్రలను ప్రక్కప్రక్కన నుంచినచో పాఠశాల విద్యార్థియైనను తేడా చెప్పగలడు. ఒక్క కర్బన పరమాణువు తేడా, అనగా 12 ప్రమాణముల బరువు, ఒక మనిషి జీవితకాలమంత బరువై కూర్చుండెను.

షూమేకర్ అంతటితో ఆగలేదు. ప్రొపియానిక్ ఆమ్లము కలిపిన నమూనాలను వేరువేరు ప్రయోగశాలలకు పంపగా, వానిలో కొన్ని వీనియందును ఇథిలీన్ గ్లైకాల్ కలదని వ్రాసి పంపెను. అనగా పొరపాటు ఒక్కచోట ఒక్కరు చేసినది కాదు, పద్ధతియందే యున్నది. యేల్ విశ్వవిద్యాలయపు పియెరో రినాల్డో అను నిపుణుడు కూడ సాక్ష్యములను పరిశీలించి, శిశువు ఆ పుట్టువ్యాధితోనే మరణించెనని చెప్పెను. 1991 జూలైలో తల్లి చెరనుండి వెలుపలికి వచ్చెను. సెప్టెంబరులో అభియోగము కొట్టివేయబడెను. షూమేకర్, స్లై మున్నగువారు 1992లో ఈ వృత్తాంతమును శిశువైద్య పత్రికలో ప్రకటించిరి.

ఇథిలీన్ గ్లైకాల్ పేరు విని భారతీయులకు మరియొక సంగతి స్ఫురింపవచ్చును. దాని దాయాదియైన డైఇథిలీన్ గ్లైకాల్ కలిసిన గ్లిసరిను వలన 1986లో బొంబాయిలోని యొక ఆసుపత్రియందు రోగులు మరణించిరి. 2022లో గాంబియా దేశమున మందు పానకములు త్రాగిన పసిపిల్లలు మూత్రపిండములు చెడి మరణించిరి. అక్కడ పట్టుబడిన పానకములలో ఈ రెండు గ్లైకాలులును కనబడెను. ఇచ్చట జరిగినది పై కథకు విపరీతము. అచ్చట లేని విషమును కలదనిరి. ఇచ్చట ఉన్న విషమును సమయమునకు పరీక్షించి పట్టలేదు. గ్లిసరినులో ఈ గ్లైకాలులను కనిపెట్టుటకు గాస్ క్రోమటోగ్రఫీయే ప్రమాణ పద్ధతి. దానికగు ఖర్చు ఆ ప్రాణముల ముందు లెక్కలోనిది కాదు.

ఈ జంట యంత్రమును సర్వజ్ఞమని పొగడుట కూడ తగదు. ఆవిరి కానిదేదియు ఆ గొట్టమున నడువదు. పంచదారను వేడిచేసినచో మాడును గాని ఆవిరి కాదు. అట్టివానికి ముందుగా సిలికాను సంబంధమైన తొడుగు వేసి, ఆవిరియగునట్లు మార్చవలెను. జైలీనుల వంటి కవల పదార్థముల వ్రేలిముద్రలు దాదాపు ఒక్కటే. అచ్చట మరల కాలమే దిక్కు. కాలము ముఖమును, ముఖము కాలమును బలపరచవలెను గాని, ఏ యొక్కటియు ఒంటరిగా రాజు కాదు. లక్షలకొలది ముద్రలు నిల్వయున్న గ్రంథాలయములతో పోల్చి గణనయంత్రము ఒక పేరు సూచించును. ఆ పేరు సూచన మాత్రమే. నమూనాతో పాటు అసలు పదార్థమును కూడ అదే యంత్రమున నడపించి చూచిన పిదపనే నిపుణుడు సంతకము చేయవలెను.

యంత్రము సరిగా చూపినను దాని యర్థము తెలియక ముప్పదియేండ్లు గడచిన ఉదంత మొకటి కలదు. 1976లో కుజగ్రహముపై దిగిన రెండు వైకింగు నౌకలును ఈ యంత్రమును మోసికొనిపోయెను. అక్కడి మట్టిని వేడిచేసినపుడు క్లోరిను గల రెండు స్వల్ప కర్బన సమ్మేళనములు కనబడెను. క్లోరినునకు 35, 37 బరువులలో పరమాణువులు కలవు. అవి మూడింటికి ఒకటి చొప్పున నుండుటచేత దాని ముద్రను దాచుట కష్టము. ఇవి భూమిపై యంత్రమును కడిగిన ద్రవముల శేషములని శాస్త్రజ్ఞులు అప్పుడు తలచిరి. 2008లో ఫీనిక్స్ నౌక కుజుని మట్టిలో పర్‌క్లోరేటు లవణములను కనుగొనెను. ఆ లవణములు వేడిమికి అక్కడి కర్బన పదార్థములనే దహించి ఈ సమ్మేళనములను పుట్టించియుండవచ్చునని 2010లో కొందరు వాదించిరి. చర్చ ఇంకను సాగుచున్నది. చూపుట యంత్రపు పని. చదువుట మనిషి పని.

తిరిగి పసిపిల్లల విషయమునకు. పై కథ దూరదేశపుది గదా యని తెలుగు కుటుంబములు నిశ్చింతగా నుండరాదు. మిథైల్ మలోనిక్ అసిడీమియా వంటి వ్యాధులు, తల్లిదండ్రు లిరువురును ఒకే లోపమును గుప్తముగా మోయుచున్నపుడు బిడ్డకు సంక్రమించును. తల్లికిని తండ్రికిని ఏ బాధయు నుండదు. ప్రతి కాన్పునందును బిడ్డకు వ్యాధి వచ్చుటకు నాలుగింట ఒకపాలు అవకాశము. ఒకే వంశమునుండి వచ్చినవారు ఒకే లోపమును మోయు అవకాశము అధికము గావున, మేనరికములు, అందులోను మేనమామ మేనకోడళ్ల వివాహములు, ఈ వ్యాధులకు త్రోవ తీయును. సామాన్యముగా మేనబావ మరదళ్లకు అష్టమాంశము జన్యువులు ఉమ్మడి. మేనమామకును మేనకోడలికిని చతుర్థాంశము. ఆస్తి చెదరకుండునని, ఎరిగిన పిల్ల యని చేయు సంబంధములలో ఈ ఉమ్మడి యాస్తిని గూర్చి ఎవరు విచారింతురు? పురిటిలోనే పిల్లలు వరుసగా పోయిన ఇండ్లలో దృష్టి తగిలినదనియు, బాలగ్రహమనియు, కోడలి జాతకమనియు చెప్పుకొనుట మన పెద్దలు ఎరుగనిది కాదు. ఆ కోడండ్రలో కొందరు ఆ మిస్సౌరీ తల్లివలెనే చేయని తప్పునకు శిక్ష అనుభవించియుందురు. ఆ తీర్పులపై అప్పీలు వినుటకు ఏ ప్రయోగశాలయు లేకపోయెను.

1966లో బోస్టను నగరమున తనాకా అను జపాను వైద్యుడును, ఆయన సహచరులును ఇట్టి వ్యాధి నొకదానిని కనుగొనిరి. ఆ పిల్లలయొద్ద చెమటపట్టిన పాదముల వాసన వచ్చుచుండెను. వాసన ముక్కునకు తెలిసెను. దాని పేరు మాత్రము గాస్ క్రోమటోగ్రఫీయు మాస్ స్పెక్ట్రోమెట్రీయు చెప్పెను: ఐసోవెలెరిక్ ఆమ్లము. నాటినుండి మూత్రమునందలి ఆమ్లములనుబట్టి ఇట్టి పెక్కు వ్యాధులను గుర్తించుట నేర్చిరి. నేడు భారతదేశపు పెద్ద నగరములలో, హైదరాబాదునందును, ఈ పరీక్ష లభించుచున్నది. ముందుగా తెలిసినచో మాంసకృత్తులను తగ్గించిన ఆహారముతోను, కార్నిటిను వంటి మందులతోను అనేకులను కాపాడవచ్చును. మిథైల్ మలోనిక్ వ్యాధియందు కొన్ని రకములు విటమిన్ బి-12 సూదిమందునకే లొంగును.

పుట్టినపుడు బాగుగానే యుండి, కొన్ని దినములకో నెలలకో పాలు త్రాగక, మగతగా పడియుండి, వాంతులు చేసికొని, ఊపిరి వేగముగా తీయు బిడ్డను చూచినపుడు. అందులోను ఆ తల్లికి అంతకుముందు ఒక బిడ్డ కారణము తెలియక పోయియున్నపుడు, వైద్యుని ఈ పరీక్ష గూర్చి అడుగవలెను. దీనికి బిడ్డను దూరనగరమునకు మోసికొని పోవలసిన యగత్యమును లేదు. వడపోత కాగితపు ముక్కను మూత్రముతో తడిపి, నీడను ఆరబెట్టి, కవరులో నుంచి పంపినచో, కొన్ని ప్రయోగశాలలు దానినుండియే అందలి ఆమ్లములను పరీక్షింపగలవు.